వాగుకు అటు గూడెం, ఇటు తండా

భారత రిజిస్ట్రార్ జనరల్, జనగణన కమిషనర్ గారికి ఒక పాత ఎన్యూమరేటర్ బహిరంగ లేఖ



మీ శాఖకు నేను మూడుసార్లు పనిచేశాను. బడిపంతులుకు జనగణన డ్యూటీ అంటే ఏమిటో మీకు తెలుసు: ఒక ఆర్డరు కాగితం, భుజాన ఒక సంచి, ఎప్పుడో చేతికొచ్చే కొంచెం భత్యం. 1991, 2001, 2011 మూడూ నాకు పాత ఆదిలాబాద్ జిల్లా ఉట్నూర్ ఏజెన్సీలోనే పడ్డాయి. రిటైరయ్యాను కాబట్టి ఈసారి నన్ను పిలవరు. చెప్పాల్సింది మాత్రం మిగిలిపోయింది.

2011 ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా నాకిచ్చిన బ్లాకు మధ్యలోంచి ఒక వాగు పారుతుంది. అటు గోండు గూడెం, ఇటు లంబాడా తండా. పత్తి ఏరడం అయిపోయి, మోదుగులు పూసిన రోజులు. పొద్దున్నే తండా, ఎండ తగ్గాక గూడెం తిరిగేవాణ్ణి. ఫారంలో ఎస్సీనా ఎస్టీనా అన్న గడి పక్కన తెగ పేరు రాయాలి. ఇటు లంబాడా అని, అటు గోండు అని రాశాను. ఒక్క గడప వదల్లేదు. మీ లెక్కలు బయటికొచ్చాక మా ఊరి పేజీ వెతుక్కున్నాను. షెడ్యూల్డు తెగలు అని ఒకటే అంకె. రోజుకు రెండుసార్లు చెప్పులు చేతబట్టుకుని దాటిన వాగు ఆ పేజీలో లేదు.

జిల్లా స్థాయిలో ఏ తెగ ఎంతమందో మీరు ఇస్తారు. రాష్ట్ర స్థాయిలో ఏ తెగ ఎంత చదివింది, ఏ పని చేస్తోంది అన్నది కూడా ఇస్తారు. అంతవరకు కృతజ్ఞుణ్ణి. కానీ మండలానికి, ఊరికి దిగేసరికి అందరినీ ఒకే మూటలో కట్టేస్తున్నారు. మా దగ్గర కొట్లాట నడుస్తున్నది మండలంలో, ఊళ్లో.

ఆ ఫిబ్రవరిలోనే గూడెం పటేలు ఒకాయన కుక్కిమంచం వాల్చి కూచోబెట్టి అడిగాడు: "సారూ, మా పోరగాండ్లు గూడ బడికి పోతున్నరు. నౌకరి అచ్చేసరికి అటు పక్కకే ఎందుకు పోతది? గది రాసుకో." మర్నాడు తండాలో ఒక పెద్దమనిషి, నేను అడక్కుండానే: "అన్నీ మాకే అచ్చినయంటరు. మా తండల నుంచి పుణెకు పోయి ఇటుకలు మోసెటోళ్లను రాసినవా సారూ?" ఇద్దరిదీ లెక్క ప్రశ్నే. ఇద్దరికీ జవాబు చెప్పే గడి నా ఫారంలో లేదు.

ఆరేళ్లు తిరిగేసరికి, 2017 చివర్లో, ఆ ప్రశ్నలు రోడ్డెక్కాయి. లంబాడాలను ఎస్టీ జాబితా నుంచి తొలగించాలని గోండులు, కోయలు, కొలాములు ఊరేగింపులు తీశారు. గూడేల బడుల్లోకి లంబాడా ఉపాధ్యాయులను రానివ్వలేదు. డిసెంబర్‌లో హైదరాబాద్‌లో ఆదివాసుల సభ, రోజుల తేడాతో లంబాడాల సభ. నాతోపాటు ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పిన ఒక లంబాడా మిత్రుడు నెల రోజులు బడి గడప తొక్కలేకపోయాడు. అతని దగ్గర అక్షరాలు దిద్దుకున్న గోండు పిల్లలే గేటు దగ్గర నిలబడ్డారు. వాళ్లను తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు, అతన్ని ఓదార్చడానికీ రాలేదు.

రెండు జాతులను పక్కపక్కన నిలబెట్టి వీళ్లెందుకు ముందుకు పోయారు, వాళ్లెందుకు వెనకబడ్డారు అని అడిగితే మా టీ కొట్టు దగ్గర తక్షణం దొరికే జవాబు "వాళ్లు హుషారు, వీళ్లు అమాయకులు" అన్నది. చదువుకున్నవాళ్లు కూడా ఇదే మాటను కాస్త నాజూకుగా అంటారు. నేను దీన్ని ఒప్పుకోను. ఇద్దరూ ఏ దారిన వచ్చి ఈ వాగు ఒడ్డున నిలబడ్డారో చూస్తే తేడాలో చాలా భాగం అక్కడే కనిపిస్తుంది.

బంజారాలు, అంటే మా లంబాడాలు, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగినవాళ్లు. మొగలు సైన్యాలకూ, తరవాత దండెత్తిన ఇంకెందరికో తిండి మోసింది వాళ్ల పెరికెలే. రైలు వచ్చి ఆ బతుకును మింగేసింది. ఆపై 1871 చట్టం నేరస్థ జాతులన్న పేరు పెట్టి వాళ్లలో చాలామందిని పుట్టుకతోనే దొంగల లెక్కలో రాసింది. 1952లో ఆ చట్టం పోయినా ముద్ర పోవడానికి ఇంకా చాలాకాలం పట్టింది. ఇంత జరిగినా వాళ్లకు ఒకటి మిగిలింది: సంతను చదవడం. నాలుగు భాషల్లో బేరమాడడం, కొత్త ఊళ్లో కొత్త మనిషితో మాట కలపడం తాతల నాటి నుంచి ఇంటి చదువు.

గోండులది దీనికి తిరగేసిన కథ. వాళ్లు ఎక్కడికీ పోలేదు, అడవే వాళ్ల చేతుల్లోంచి పోయింది. నిజాం ప్రభుత్వం రిజర్వు ఫారెస్టు గీతలు గీసి పోడు చేలను అవతలికి నెట్టింది. జోడేఘాట్‌లో 1940లో తిరగబడిన గోండు నాయకుడు కుమ్రం భీం నేలకొరిగాక గాని హైదరాబాద్‌కు వాళ్లున్నట్టు తెలియలేదు. తరవాతే మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ దొర వచ్చాడు, పట్టాలు వచ్చాయి. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలై, పిల్లలకు గోండీలోనే వాచకాలు తయారయ్యాయి. ఆ దారిలో ఇంకో ముప్ఫై ఏళ్లు నడిచి ఉంటే ఈ ఉత్తరం నాకు రాయాల్సిన పని పడేది కాదేమో. నేను ఉద్యోగంలో చేరే నాటికి గోండీ బడిలో లేదు. ఒకటో తరగతి పిల్లవాడు నా తెలుగు అర్థం కాక కిటికీలోంచి చూస్తూ కూర్చునేవాడు. బడి మానేసిన వాళ్లలో ఎక్కువమంది తెలివి తక్కువ పిల్లలు కారు. మొదటి ఏడాది మాట అందని పిల్లలు.

ఇక జాబితా సంగతి. ఆంధ్ర ప్రాంతంలో సుగాలీలు, అంటే అక్కడి లంబాడాలు, ముందునుంచీ షెడ్యూల్డు తెగే. తెలంగాణ లంబాడాలు కారు. 1976 సవరణ చట్టం ఆ ప్రాంతపు గీతను తుడిచేసింది, 1977లో అది అమలుకు వచ్చింది. ఇక్కడే మీ అంకెలు ఒక పెద్ద అపోహకు బీజం వేశాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1971లో ఎస్టీ జనాభా 16.58 లక్షలు. 1981లో 31.76 లక్షలు. పదేళ్లలో దాదాపు రెట్టింపు. ఈ అంకెను నేను ఎన్ని కరపత్రాల్లో చూశానో! "చూడండి, లక్షలమంది మహారాష్ట్ర నుంచి దిగిపోయారు" అని. అందులో ఎక్కువ భాగం వలస కాదు. నల్లగొండ, వరంగల్, మహబూబ్‌నగర్ తండాల్లో తరాలుగా ఉన్నవాళ్లే అప్పటిదాకా వేరే వరుసలో ఉండి ఈ వరుసలోకి మారారు. తెలంగాణ సాయుధ పోరాటంలో దేశ్‌ముఖ్‌ల మీద తిరగబడి ప్రాణమిచ్చిన ఠాను నాయక్ ధర్మాపురం తండా మనిషి. ఆయన మనవల తరాన్ని నిన్న వచ్చినవాళ్లంటే ఎలా?

అలాగని వలస అబద్ధమా అంటే అదీ కాదు. యవత్‌మాల్, నాందేడ్ వైపు నుంచి బంజారాలు ఆదిలాబాద్ ఏజెన్సీకి వచ్చారు. డెబ్బైల్లో తిరిగొచ్చిన హైమెండార్ఫ్ తాను నలభైల్లో చూసిన గోండుల భూములు ఎలా చేతులు మారాయో చూసి బాధపడి 1982 నాటి పుస్తకంలో రాశాడు. బంజారాలు ఎందుకు రారు? అదే బంజారా మహారాష్ట్రలో విముక్త జాతి, కర్ణాటకలో షెడ్యూల్డు కులం, రాజస్థాన్‌లో ఓబీసీ, సరిహద్దుకు ఇవతల మా వైపు షెడ్యూల్డు తెగ. (గోండులకూ ఈ తిప్పలు తప్పలేదు. ఉత్తరప్రదేశ్‌లో చాలా జిల్లాల్లో వాళ్లను షెడ్యూల్డు కులాల్లో రాశారు.) ఏజెన్సీలో ఎస్టీ అన్న మాటకు అర్థం రిజర్వేషను ఒక్కటే కాదు, భూమి కూడా. 1959 నాటి భూ బదలాయింపు నిబంధన, దానికి 1970లో చేసిన సవరణ, మా భాషలో వన్ ఆఫ్ సెవెంటీ, గిరిజనుడి భూమి గిరిజనేతరుడు కొనకూడదంటుంది. 1977 తరవాత లంబాడా గిరిజనుడయ్యాడు. గోడ అలాగే నిలబడి ఉంది, తలుపు మాత్రం తెరుచుకుంది. గోండు పటేలు కోపంలో నాకు అర్థమయ్యే భాగం ఇది. షావుకారును ఆపిన చట్టం, అప్పు తీరక ఎకరం అమ్ముకుంటున్న తన కొడుకును ఆపలేకపోయింది.

నల్లగొండ లంబాడా, మా ఏజెన్సీ నార్నూర్ లంబాడా మీ పట్టికలో ఒకే పేరు. ఒకరు దొర భూమిలో వెట్టి చేసి బయటపడ్డవాళ్లు. ఇంకొకరు పత్తి నేల వెతుక్కుంటూ వచ్చినవాళ్లు. ఈ రెండింటి సగటు తీస్తే వచ్చే లంబాడా ఏ తండాలోనూ ఉండడు. పైగా అందరూ గెలిచారనే మాటకు నల్లగొండ జిల్లా దేవరకొండ అడ్డం నిలుస్తుంది. 1999లో, మళ్లీ 2001లో, ఆడపిల్లల్ని పురిట్లోనే అమ్ముకుంటున్నారని దేశమంతా చెప్పుకున్నది ఆ చుట్టుపక్కల తండాల గురించే. కలెక్టర్లయిన లంబాడాలున్నారు. కూతుర్ని చేతిలోంచి వదిలేసిన లంబాడా తల్లులూ ఉన్నారు. మొదటివాళ్లు వేదిక మీద కనిపిస్తారు కాబట్టి పోలిక వాళ్లతోనే జరుగుతుంది.

అటు ఆదివాసుల వైపూ ఒక మాట చెబుతాను, వాళ్లకు నచ్చకపోయినా. తెలంగాణ ఎస్టీల్లో లంబాడాలు 2011 లెక్క ప్రకారం ఇంచుమించు మూడింట రెండు వంతులు. శాసనసభలో ఎస్టీ స్థానాలు పన్నెండు. 2023 ఎన్నికల్లో వాటిలో ఏడు గోండు, కోయ అభ్యర్థులకు, అయిదు లంబాడాలకు వచ్చాయి. రాజకీయంగా అంతా లంబాడాలే ఎత్తుకుపోయారన్న మాటకు ఈ అంకె ఒప్పుకోదు. కారణం సులువు. ఆసిఫాబాద్, ములుగు, పినపాక, భద్రాచలం లాంటి స్థానాలు నేలకు కట్టేసి ఉన్నాయి, ఆ నేల మీద ఆదివాసుల ఓట్లున్నాయి. ఉద్యోగం, మెడికల్ సీటు అలా కాదు, ఎస్టీలందరిదీ ఒకే వరుస. ఆ వరుసలో కోచింగ్ సెంటరుకు గంట ప్రయాణంలో ఉన్న మైదానపు తండా పిల్ల, రెండు బస్సులు మారితే గాని మండల కేంద్రం చేరని తిర్యాణి గూడెం పిల్ల పక్కపక్కన నిలబడతారు. 2022లో కోటా ఆరు నుంచి పది శాతానికి పెరిగినా వరుస అదే. ఏజెన్సీ టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ రోజు గూడెం, తండా రెండూ నష్టపోయాయి. విచిత్రం, దాని మీద ఇద్దరూ కలిసి ఒక్క ఊరేగింపైనా తీసింది మా మండలంలో నేను చూడలేదు.

ఎస్టీ కోటా ఉద్యోగాల్లో మూడింట రెండు వంతులు లంబాడాలకు వెళ్తే అది జనాభా వాటా. తొంభై శాతం వెళ్తే కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. ఇది తేల్చడానికి మీ పట్టిక దగ్గరికి వస్తే పనివాళ్లు నాలుగు రకాలు: సాగుదారులు, వ్యవసాయ కూలీలు, ఇంటి పరిశ్రమవారు, ఇతర పనివారు. పుణెలో ఇటుకలు మోసే మా తండా కుర్రవాడు ఇతర పనివాడు. సచివాలయంలో సెక్షన్ ఆఫీసరూ ఇతర పనివాడే. లంబాడాల్లో ఇతర పనివారు పెరిగారంటే అది మేడ ఎక్కడమో, మేడ కట్టడానికి పోవడమో ఎవరు చెప్పాలి?

భాష గడిదీ అదే కథ. తండాలో మాతృభాష అని అడిగితే లంబాడీ అన్నారు, అదే రాశాను. దేశమంతా కలిపి 2011లో 32 లక్షల మందికి పైగా అలా రాయించారు. మీ కార్యాలయం దాన్ని హిందీ కింద కలిపేసింది. గోండీకి విడి వరుస ఉంది, 30 లక్షలకు కాస్త తక్కువ మంది, అదైనా సంతోషం. లంబాడా పిల్ల ఇంట్లో మాట్లాడే భాష బడిలో దొరకదన్న సంగతి, అంటే గోండు పిల్లకు ఉన్న కష్టమే తనకూ ఉందన్న సంగతి, ఈ కలపడంలో కొట్టుకుపోయింది. ఆ పిల్లకు హిందీ వస్తుందా అంటే, మా హిందీ పండితుడిని అడగండి, నవ్వుతాడు.

ఇన్ని పేజీలు ఇద్దరి గురించే రాశాను. కానీ ఉన్నది ఇద్దరే కాదు. మా మండలాల్లో కొలాములు, తోటీలు ఉన్నారు, దూరాన కృష్ణ ఒడ్డున నల్లమలలో చెంచులు ఉన్నారు. గోండు నాయకుడు ఆదివాసీ అన్నప్పుడు వీళ్లు ఆ గొడుగు కిందికి వస్తారు, పదవులు పంచుకున్నప్పుడు గొడుగు అంచున తడుస్తారు. నా ముప్ఫై ఏళ్ల సర్వీసులో పదో తరగతి దాటించిన కొలాం పిల్లల్ని వేళ్ల మీద లెక్కపెట్టగలను. గోండుతో పోలిస్తే కొలాం ఎక్కడున్నాడు అన్న ప్రశ్న ఏ సభలోనూ వినలేదు.

అసలు విషయానికి వస్తాను. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఎస్సీలను వర్గీకరించవచ్చని చెప్పింది, అయితే చేతిలో లెక్కలు ఉండాలంది. తెలంగాణ 2025 ఏప్రిల్‌లో ఎస్సీలను మూడు గ్రూపులు చేసింది. తరవాతి ప్రశ్న ఎస్టీలదేనని మా దగ్గర చిన్నపిల్లాడికీ తెలుసు. నా అభిప్రాయం దాచను: లంబాడాలను జాబితా నుంచి తీసేయాలన్న డిమాండ్ న్యాయం కాదు. అది తేల్చాల్సింది పార్లమెంటు, అయినా ఒక పౌరుడిగా చెబుతున్నాను. లోపల వాటాలు వేయాలన్న మాట మాత్రం న్యాయం. ఏజెన్సీ గూడేలకు, కొలాముల వంటివారికి విడిగా కొంత ఉండాలి. ఎంత అన్నది సభలో ఎవరి గొంతు పెద్దదన్న దాన్ని బట్టి తేలకూడదు.

2027 జనగణనలో కులం కూడా అడగబోతున్నారు, అంతా ఫోనులోనే ఎక్కిస్తారట. చేత్తో పట్టికలు కట్టే రోజుల్లో మండలాల వారీగా తెగల లెక్క అంటే కష్టమని నేను ఒప్పుకునేవాణ్ణి, ఇప్పుడు ఒప్పుకోను. మండలం వారీగా ప్రతి తెగకూ చదువు ఎంత, పని ఏమిటి, ఇంట్లో నీళ్లు కరెంటు ఉన్నాయా అన్నవి ఇవ్వండి. ఇతర పనివారిని విడగొట్టండి, కనీసం నెల జీతం వాళ్లనూ రోజు కూలీలనూ వేరుచేయండి. పుట్టిన చోటు ఎలాగూ అడుగుతారు కాబట్టి దాన్ని తెగల వారీగా చూపించండి. ఇక్కడే పుట్టిన వలసదారుల పిల్లలు అందులో కనిపించరు, నిజమే, అయినా ఊహ కన్నా నయం. లంబాడీని లంబాడీగానే ఉంచండి. తోటీల వంటి చిన్న తెగల దగ్గర ఇల్లు గుర్తుపట్టేంత చిన్న అంకెలు వస్తే వాటిని కప్పిపెట్టండి, దానికి నాకు అభ్యంతరం లేదు.

ఇలాంటి అంకెలు బయటపెడితే గొడవలు పెరుగుతాయని ఒక సీనియర్ అధికారి ఒకసారి నాతో అన్నారు. 2017లో ఏ అంకె చూసి గొడవ మొదలైందో ఆయన్నే అడగాలనిపించింది. ఊరుకున్నాను, రిటైర్మెంటుకు రెండేళ్లే ఉంది అప్పటికి.

2011లో చేత్తో గీసిన నా బ్లాకు నక్షా నకలు ఇంకా నా దగ్గరే ఉంది. నీలం పెన్సిల్‌తో వాగు, ఇటు తొంభై పై చిలుకు ఇళ్లు, అటు అరవై. అప్పుడు వంతెన లేదు, ఇప్పుడు ఉంది. ఈసారి అక్కడ డ్యూటీ పడే అవకాశం ఉన్నది నా పాత శిష్యురాలికి. ఆ తండా పిల్లే, ఆ బడిలోనే టీచరు. మొన్న ఫోను చేసింది. "సార్, గూడెం వైపు గూడ నేనే పోవాల్నా?" అంది. నువ్వే పోవాలమ్మా అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, ముందు పటేలు ఇంటికి పోవాలా, బడి పక్కనుంచి మొదలుపెట్టాలా అని అడిగింది. పటేలు ఇంటి నుంచే మొదలుపెట్టమన్నాను, కూచోమంటే కూచోమన్నాను.

ఇట్లు
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఉట్నూర్ ఏజెన్సీ